గోదాం తాళంచెవులు

2023 మార్చి 23, గురువారం. సూరత్‌లోని అఠ్వాలైన్స్ కోర్టు ఆవరణలో ఆ పొద్దున వకీళ్ల కంటే పోలీసులే ఎక్కువ కనిపించారు. విమానాశ్రయం నుంచి వచ్చే దారి పొడవునా కాంగ్రెస్ జెండాలు, ఫ్లెక్సీలు. లోపల చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేట్ హెచ్.హెచ్. వర్మ బెంచి మీదికొచ్చే వేళకు హాల్లో నిలబడే చోటు లేదు. ముద్దాయి పేరు రాహుల్ గాంధీ, వయనాడ్ లోక్‌సభ సభ్యుడు. నేరం పరువునష్టం. తీర్పులో మొదటి మాట దోషి అని. తర్వాత శిక్ష మీద వాదనలు.

ఎవరికీ నష్టం జరగలేదు, దురుద్దేశం లేదు, కనికరించండి అని ముద్దాయి పక్షం కోరింది. పార్లమెంటు సభ్యుడే ఇలా మాట్లాడితే ఎలా, ఉన్న శిక్షలో గరిష్ఠం వేయండి అని ఫిర్యాది పక్షం పట్టుబట్టింది. ఎంపీ నోటి మాట ఊరంతా వింటుందనీ, 2019లోనే మాట జారవద్దని సుప్రీంకోర్టు ఈయన్ను హెచ్చరించిందనీ, చిన్న శిక్షతో సరిపెడితే జనానికి వేరే సంకేతం పోతుందనీ మెజిస్ట్రేట్ అభిప్రాయం. అప్పటి భారత శిక్షాస్మృతి 500వ సెక్షన్ కింద పరువునష్టానికి పడగలిగే గరిష్ఠ శిక్ష రెండేళ్ల సాదా జైలు. ఆయన వేసింది సరిగ్గా రెండేళ్లు. అప్పీలు చేసుకోవడానికి వీలుగా శిక్షను ముప్ఫై రోజులు ఆపి, బెయిలిచ్చి పంపారు.

ఈ గాథ గురించి ఒక మాట ముందే చెప్పాలి. కోర్టులు, తేదీలు, పేర్లున్న మనుషులు అన్నీ రికార్డులో ఉన్నవే. లింబాయత్‌లోని సాంచెల షెడ్డు, అందులోని మామా అల్లుళ్లు మాత్రం నేను అల్లుకున్నవాళ్లు. లింబాయత్ మాత్రం కల్పన కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి తరాల కిందట బతుకుదెరువుకు పోయిన పద్మశాలీలు సూరత్‌లో వేల సంఖ్యలో ఉన్నారు. లింబాయత్, ఉధ్నా గల్లీల్లో తెలుగు వినపడని రోజుండదు. మరమగ్గాన్ని అక్కడా ఇక్కడా సాంచె అనే అంటారు. సాంచెల చప్పుడులో పక్కవాడి మాట కూడా వినపడదు. కాబట్టి ముచ్చట్లన్నీ చాయ్ దగ్గరే.

"మామా, రాహుల్ గాంధీకి రెండేండ్లు పడ్డయట."

"దేనికిరా?"

"మోదీలు దొంగలన్నడట."

"ఎక్కడన్నడు?"

"కోలార్ల."

"కోలార్ల అంటె సూరత్ల కేసేందిరా?"

చాయ్ కప్పు పట్టుకుని మామ అడిగిన ఆ ప్రశ్ననే ముద్దాయి తరఫు వకీళ్లు కోర్టులో అడిగారు. 2019 ఏప్రిల్ 13న కోలారులో లోక్‌సభ ఎన్నికల సభ. చిత్తూరు జిల్లా దాటితే వచ్చే ఊరు, అక్కడి సంతలో తెలుగు మామూలే. ఆ సభలో నీరవ్ మోదీ, లలిత్ మోదీ, నరేంద్ర మోదీ పేర్లు చదివి, ఈ దొంగలందరి ఇంటిపేరూ మోదీయే ఎందుకైందని రాహుల్ గాంధీ అడిగారు. ఆ నెలలోనే సూరత్ పశ్చిమ నియోజకవర్గ బీజేపీ ఎమ్మెల్యే పూర్ణేశ్ మోదీ, ఇది మోదీ ఇంటిపేరున్న వాళ్లందరికీ అవమానమంటూ సూరత్ కోర్టుకెక్కారు. నేరం జరిగిందంటున్నది కర్ణాటకలో, ఫిర్యాదు గుజరాత్‌లో. పేర్లు చెప్పిన ముగ్గురిలో ఒక్కరూ కోర్టుకు రాలేదు, నాలుగోవాడు వచ్చాడు. పరువు పోయినవాడు కదా ఫిర్యాదు చేయాల్సింది అన్నది రాహుల్ వకీలు కిరీట్ పాన్‌వాలా వాదన. కోర్టు ఒప్పుకోలేదు.

పాన్‌వాలా అనే పేరు దగ్గర కాస్త ఆగుతాను. ఫిర్యాది వకీలు పేరు కేతన్ రేషమ్‌వాలా. మనకు ఊరి పేరు ఇంటిపేరైనట్టు సూరత్‌లో వ్యాపారం ఇంటిపేరవుతుంది. తాత పట్టు అమ్మితే రేషమ్‌వాలా, జరీ తీస్తే జరీవాలా. కేసు చివరికి సుప్రీంకోర్టుకెళ్లినప్పుడు రాహుల్ తరఫున అభిషేక్ మను సింఘ్వీ అక్కడ చెప్పిన ఒక సంగతి ఏమిటంటే, ఫిర్యాది అసలు ఇంటిపేరు మోదీ కాదు, మార్చుకున్నది అని. ఇంటిపేరు మీద నడిచిన కేసులో ఇంటిపేరే తర్వాత పెట్టుకున్నదన్న వాదన. ఏ సినిమా రచయితా ఇంత ధైర్యం చేయడు.

నాలుగేళ్ల నడకలో ఇంకో మలుపు కూడా ఉంది. 2022 మార్చిలో ఫిర్యాదియే హైకోర్టుకెళ్లి విచారణ మీద స్టే తెచ్చుకున్నారు. ఏడాది దాకా కేసు నిద్రపోయింది. 2023 ఫిబ్రవరిలో ఆయనే ఆ పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాతి నెలలోనే వాదనలు ముగిసి తీర్పొచ్చింది. ఫిబ్రవరి 7న లోక్‌సభలో అదానీ మీద రాహుల్ మాట్లాడాకే కేసుకు రెక్కలొచ్చాయని కాంగ్రెస్ వాళ్లు వేలు చూపించారు. కోర్టు తన పని తాను చేసుకుపోయిందని బీజేపీ వాళ్లన్నారు.

మరుసటి రోజు శుక్రవారం. లోక్‌సభ సచివాలయం నుంచి చిన్న నోటిఫికేషన్. వయనాడ్ సభ్యుడు మార్చి 23 నుంచే సభ్యుడు కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951, 8వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే పడిన రోజు నుంచే అనర్హత. జైలు నుంచి బయటికొచ్చాక మరో ఆరేళ్లు పోటీ చేయకూడదు. కలిపితే ఎనిమిదేళ్లు. 2019లో నాలుగు లక్షల పైచిలుకు మెజారిటీతో వయనాడ్ ఇచ్చిన సీటు ఒక్క కాగితంతో ఖాళీ అయింది.

శిక్ష ఒక్కరోజు తక్కువ పడినా ఆ సెక్షన్ అంటేది కాదు. ఏడాదీ పదకొండు నెలలూ ముప్ఫై రోజులైతే ఎంపీ. రెండేళ్లయితే కాదు.

ఇక్కడ కథ పదేళ్లు వెనక్కి వెళ్లాలి. 2013 జులై 10న లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఒక పాత రక్షణను కొట్టేసింది. అంతకుముందు శిక్ష పడిన ఎంపీలకూ ఎమ్మెల్యేలకూ మూడు నెలల గడువుండేది. ఆలోపు అప్పీలు వేస్తే అది తేలేదాకా కుర్చీ పదిలం. అప్పీళ్లు ఏళ్ల తరబడి తేలేవి కావు కనుక పదవీకాలం హాయిగా ముగిసిపోయేది. సామాన్యుడికి లేని ఈ వెసులుబాటు సభ్యుడికి మాత్రం ఎందుకని కోర్టు అడిగింది. మన్మోహన్ సింగ్ ప్రభుత్వం ఆ వెసులుబాటును మరో రూపంలో తిరిగి తెచ్చేందుకు సెప్టెంబరు 24న ఒక ఆర్డినెన్స్‌కు ఒప్పుకుంది. అప్పీలు వేసి స్టే తెచ్చుకుంటే సభ్యత్వం ఉంటుంది, ఓటూ జీతమూ మాత్రం ఉండవు. మూడు రోజులకు, 27న, ప్రధాని అమెరికాలో ఉండగా, ఢిల్లీ ప్రెస్‌క్లబ్‌లో అజయ్ మాకెన్ విలేకరులతో మాట్లాడుతున్న చోటికి రాహుల్ గాంధీ వచ్చారు. ఆ ఆర్డినెన్స్ ఒట్టి చెత్త, చింపి పారేయాలన్నారు. వారం తిరగకుండానే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ అక్టోబరులోనే రషీద్ మసూద్, లాలూ ప్రసాద్ యాదవ్, జగదీశ్ శర్మల సభ్యత్వాలు రద్దయ్యాయి.

2023 మార్చి 24న ఎంత మందికి ఆ ప్రెస్‌క్లబ్ మధ్యాహ్నం గుర్తొచ్చిందో లెక్కలేదు. తాను తీసిన గోతిలో తానే పడ్డాడని నవ్వుకున్నవాళ్లు చాలామంది. నాకు మాత్రం అది నవ్వులాటగా తోచదు. 2013లో ఆయనన్నది సరైన మాటే. దోషిగా తేలినవాడు చట్టాలు చేసే చోట కూర్చోకూడదు. 2023లో ఆయనకు జరిగింది మాత్రం అన్యాయంగానే తోస్తుంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. చట్టం సరైనదే, కొలబద్దే వంకర. పశువుల దాణా కోట్లు మింగినవాడికీ, ఎన్నికల సభలో నోరు జారినవాడికీ ఒకే రెండేళ్ల గీత.

లింబాయత్‌లో ఆ సాయంత్రం ముచ్చట వేరే దారి పట్టింది.

"అయితె మామా, కేసున్నోడు కుర్చీల కూసోవచ్చా, కూసోవద్దా? గది చెప్పు."

"ఏ కుర్చి?"

"ఏదైతేంది? ఎంపీ, మంత్రి..."

"గదే నీకు తెలుస్తలేదు. నేనొచ్చిన కొత్తల ఒక సేఠు దగ్గర పన్జేసిన. గోదాంల దారం పెట్టెలు తక్కువొచ్చినయ్. మేస్త్రీ మీద అనుమానం. సేఠు ఏం జేసిండో ఎర్కనా? పనిలకెల్లి తీయలే. తాళంచెవులు తీస్కున్నడు. లెక్క తేలేదాక సాంచె మీద నిలవడు, గోదాం దిక్కు పోకు అన్నడు."

"మరి దొంగతనం జేసినోన్ని పనిల ఎట్ల ఉంచుకున్నడు?"

"జేసిండని ఎవడు జెప్పిండు? అనుమానమె గద. కూలి ఆపితె పిల్లలు పస్తుంటరు. తాళాలుంటె లెక్క మారుస్తడు. అందుకె కూలి ఇచ్చిండు, తాళాలు గుంజుకున్నడు."

ఆ మామ నోట్లో ఈ మాట పెట్టింది నేనే, దాచను. కానీ ఈ దేశంలో ముప్ఫై ఏళ్లుగా నేతల నేరాల మీద నడుస్తున్న చర్చలో ఎవరూ విడదీసి చెప్పనిది ఇదే. ఎంపీ సీటు కూలి లాంటిది. అది ఆయనది కాదు, ఓటేసినవాళ్లది. దాన్ని లాక్కుంటే మాట పోయేది వయనాడ్‌కు. మంత్రి కుర్చీ, ముఖ్యమంత్రి కుర్చీ తాళంచెవులు. పోలీసు బదిలీలు, ప్రాసిక్యూటర్ల నియామకాలు, ఫైళ్లు అన్నీ ఆ గుత్తిలోనే ఉంటాయి. తన కేసు దర్యాప్తు చేసేవాడి జాతకం రాసే కుర్చీలో ముద్దాయి కూర్చోవడం లెక్క తప్పిన గోదాంలో మేస్త్రీకే తాళాలివ్వడం లాంటిది. చట్టం మాత్రం రెండింటికీ ఒకే దారి చూపిస్తుంది. శిక్ష పడేదాకా రెండూ పదిలం, పడ్డాక రెండూ ఖాళీ.

సుప్రీంకోర్టు ఈ తేడాను పట్టించుకోలేదనడానికి లేదు. 2014 ఆగస్టులో మనోజ్ నరూలా కేసులో, తీవ్రమైన నేరాభియోగాలున్న వాళ్లను మంత్రులుగా తీసుకోకపోవడం మంచిదని ప్రధానికీ ముఖ్యమంత్రులకూ చెప్పింది. ఆదేశం కాదు, హితవు. వినాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికే వదిలేసింది. 2018 సెప్టెంబరు 25న మరో కేసులో, అభియోగాలు నమోదైతేనే ఎన్నికలకు అనర్హులని మేం చెప్పలేం, ఆ పని పార్లమెంటుది అంది ఐదుగురు జడ్జీల ధర్మాసనం. అభ్యర్థులు తమ కేసులను పత్రికల్లో ప్రకటించుకోవాలని మాత్రం ఆదేశించింది. ఎన్నికల రోజుల్లో పేపర్లో లోపలి పేజీల్లో వచ్చే ఆ చిన్నచిన్న డబ్బాలు ఎవరైనా చదువుతున్నారా? నేనైతే చదువుతాను. ఒక్కోసారి అభ్యర్థి ఫొటో కంటే సెక్షన్ల జాబితాయే పెద్దది.

తెలుగు పాఠకుడు ఇక్కడ నొసలు ముడేస్తాడు, తెలుసు. మన దగ్గరికొచ్చి చూడండి అంటాడు. చూద్దాం. 2012 మే 27న సీబీఐ అరెస్టు చేసినప్పుడు వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి కడప ఎంపీ. పదహారు నెలలు చంచల్‌గూడ జైల్లో ఉన్నారు. 2019 మే 30న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, కేసులు నడుస్తుండగానే. 2015 మే 31న ఏసీబీ పట్టుకున్నప్పుడు రేవంత్‌రెడ్డి తెలంగాణ ఎమ్మెల్యే. 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రయ్యారు. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో అరెస్టయి, యాభై రోజులకు పైగా రాజమండ్రి సెంట్రల్ జైల్లో గడిపిన చంద్రబాబునాయుడు 2024 జూన్ 12న ముఖ్యమంత్రయ్యారు. ముగ్గురూ తమ మీది కేసులు రాజకీయ కక్షతో పెట్టినవే అన్నారు. ముగ్గురినీ జనమే గెలిపించారు. అరెస్టు రోజున ముగ్గురూ ప్రతిపక్షంలోనే ఉన్నారు. అధికారంలో ఉండగా అరెస్టయిన ముఖ్యమంత్రి తెలుగు నేల మీద దొరకడం కష్టం. ఎందుకో మామను అడగక్కర్లేదు.

జగన్ కేసుల విచారణ హైదరాబాద్‌లో దశాబ్దం దాటినా ముగియకుండా సాగింది. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులు అభియోగాలు నమోదైన ఏడాదిలోగా ముగించాలని సుప్రీంకోర్టు చెప్పింది 2014 మార్చిలోనే.

సూరత్ ఉన్న గుజరాత్‌లోనే మామ చెప్పిన లెక్క ఒకసారి అచ్చంగా జరిగింది. 2010 జులైలో సోహ్రాబుద్దీన్ ఎన్‌కౌంటర్ కేసులో సీబీఐ చార్జిషీటు వేసినప్పుడు రాష్ట్ర హోంశాఖ సహాయమంత్రి అమిత్ షా. జులై 24న మంత్రి పదవికి రాజీనామా చేశారు. 25న అరెస్టయ్యారు. సర్ఖేజ్ ఎమ్మెల్యే పదవి మాత్రం వదల్లేదు. తాళాలిచ్చేశారు, కూలి ఉంచుకున్నారు. అక్టోబరు చివర హైకోర్టు బెయిలిచ్చింది, ఆ తర్వాత సుప్రీంకోర్టు షరతు మీద దాదాపు రెండేళ్లు గుజరాత్ బయటే ఉన్నారు. 2014 డిసెంబరు 30న ముంబై సీబీఐ కోర్టు ఆయన్ను కేసులోంచి తొలగించింది. కేసు మంచిచెడులు ఎలా ఉన్నా, హోంశాఖ తాళాలు పట్టుకుని హోంశాఖ పోలీసుల మీది కేసును ఎదుర్కోవడం బాగుండదని ఆ రోజు ఆయనకు తోచింది, లేదా పార్టీకి తోచింది.

అరవింద్ కేజ్రీవాల్‌కు తోచలేదు. 2024 మార్చి 21న ఈడీ అరెస్టు చేశాక ఆరు నెలలకు దగ్గరగా ఢిల్లీ ముఖ్యమంత్రిగానే కొనసాగారు. ఎక్కువ రోజులు తీహార్‌లో. సెప్టెంబరు 13న సీబీఐ కేసులో సుప్రీంకోర్టు బెయిలిస్తూ పెట్టిన షరతులు చూడండి. ముఖ్యమంత్రి కార్యాలయానికి వెళ్లకూడదు, సచివాలయానికి వెళ్లకూడదు, లెఫ్టినెంట్ గవర్నర్ అనుమతికి తప్పనిసరైతే తప్ప ఫైళ్ల మీద సంతకం పెట్టకూడదు. పదవి ఉంచింది, తాళాలు తీసుకుంది. నాలుగు రోజులకు ఆయనే రాజీనామా చేశారు. అదే ఏడాది జనవరి 31న అరెస్టుకు ముందే రాజీనామా చేసిన హేమంత్ సోరెన్ జూన్‌లో బెయిల్ మీద బయటికొచ్చి, జులై 4న మళ్లీ జార్ఖండ్ ముఖ్యమంత్రయ్యారు. తాళాలిచ్చినవాడికి తాళాలు తిరిగి దొరకవన్న భయం అంత నిజం కాదు.

మళ్లీ సూరత్. 2023 ఏప్రిల్ 3న అప్పీలు వేయడానికి రాహుల్ స్వయంగా వచ్చారు. వెంట చెల్లెలు ప్రియాంక, అశోక్ గెహ్లోత్, భూపేశ్ బఘేల్, సుఖ్వీందర్ సింగ్ సుఖు. ఒక అప్పీలు కాగితం వేయడానికి ముగ్గురు ముఖ్యమంత్రులు రావడం ఎవరికి భరోసాయో, ఎవరి మీద ఒత్తిడో చూసేవాడి పార్టీని బట్టి ఉంటుంది. ఏప్రిల్ 20న అదనపు సెషన్స్ జడ్జి ఆర్.పి. మొగేరా, దోషి అన్న తీర్పు మీద స్టే ఇవ్వనన్నారు. రెండు రోజులకు రాహుల్ ఢిల్లీ తుగ్లక్ లేన్ 12వ నంబరు బంగళా తాళాలు అప్పగించి తల్లి ఇంటికి మారారు. ఈ గాథలో నిజంగా చేతులు మారిన తాళాలు అవొక్కటే. జులై 7న గుజరాత్ హైకోర్టు జడ్జి హేమంత్ ప్రచ్ఛక్ కూడా కాదన్నారు.

ఆగస్టు 4, శుక్రవారం. సుప్రీంకోర్టులో జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ సంజయ్ కుమార్. చివరి ఇద్దరూ తెలుగువారు. ఒకపక్క సింఘ్వీ, మరోపక్క పూర్ణేశ్ మోదీ తరఫున మహేశ్ జెఠ్మలానీ. ఆ రోజు ధర్మాసనం కేసు మంచిచెడుల్లోకి లోతుగా పోలేదు. ఒకే చోట వేలు పెట్టింది. గరిష్ఠ శిక్షే ఎందుకు వేయాల్సి వచ్చిందో మెజిస్ట్రేట్ కారణం చెప్పలేదు, సుప్రీంకోర్టు పాత హెచ్చరిక ఒక్కటి తప్ప. ఒక్కరోజు తగ్గించినా అనర్హత పడేది కాదు. ఆ అనర్హత దెబ్బ ఒక మనిషికే కాదు, ఆయన్ను ఎన్నుకున్న నియోజకవర్గానికీ తగులుతుంది. దోషి అన్న తీర్పు మీద స్టే. వెంటనే ఇంకో మాట: ఆ మాటలు బాగాలేవు, ప్రజాజీవితంలో ఉన్నవాడు జాగ్రత్తగా మాట్లాడాలి.

నియోజకవర్గం సంగతి సుప్రీంకోర్టు నోటి నుంచి రావడానికి నాలుగున్నర నెలలు పట్టింది. లింబాయత్ చాయ్ దుకాణంలో, కూలి ఆపితే పిల్లలు పస్తుంటారన్న మాటలో, అది ముందే వచ్చింది. ఆగస్టు 7 సోమవారం లోక్‌సభ సచివాలయం సభ్యత్వాన్ని తిరిగిచ్చింది. ఆ స్టే ఉండేది సూరత్ సెషన్స్ కోర్టులో అప్పీలు తేలేదాకానే.

వయనాడ్ ఈ విషయంలో కొంత అదృష్టవంతురాలు. హత్యాయత్నం కేసులో శిక్షపడి 2023 జనవరిలో అనర్హుడైన లక్షద్వీప్ ఎంపీ మహమ్మద్ ఫైజల్ సీటుకు ఎన్నికల సంఘం రోజుల్లోనే ఉపఎన్నిక ప్రకటించింది. ఇంతలో కేరళ హైకోర్టు స్టే ఇచ్చింది, ఉపఎన్నిక ఆగింది. సభ్యత్వం తిరిగి ఇవ్వడానికి మాత్రం లోక్‌సభ సచివాలయానికి మార్చి 29 దాకా తీరలేదు. తీసుకోవడానికి రెండు రోజులు, ఇవ్వడానికి రెండు నెలలు. ఆ చేదు చూశాక వయనాడ్ విషయంలో తొందరలేదని ఎన్నికల సంఘం చెప్పింది.

ఓటరు మాట ఎంత విలువైనదో సూరత్‌కు ఇంకో దారిలో తెలిసింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీ నామినేషన్‌ను, ప్రతిపాదించినవాళ్లు సంతకాలు మావి కావన్నారని తిరస్కరించారు. మిగిలినవాళ్లంతా ఉపసంహరించుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ పోటీ లేకుండా గెలిచారు. సూరత్ నియోజకవర్గం ఓటర్లు ఆ ఎన్నికలో బూత్ ముఖం చూడలేదు. ఏ నేర చరిత్ర ఉన్నవాణ్ణి ఎన్నుకోవాలో, ఎవరిని తిప్పికొట్టాలో తేల్చుకునే అవకాశమే రాలేదు.

ఆ తర్వాత అసలు ప్రశ్న ఢిల్లీలో ఇంకో రూపమెత్తింది. 2025 ఆగస్టు 20న కేంద్ర హోంమంత్రి అమిత్ షా లోక్‌సభలో 130వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. ఐదేళ్లు, ఆపైన శిక్ష పడగల నేరంలో వరుసగా ముప్ఫై రోజులు కస్టడీలో ఉంటే ప్రధాని అయినా, ముఖ్యమంత్రి అయినా, మంత్రి అయినా ముప్ఫై ఒకటో రోజున పదవి పోతుంది. విడుదలైతే మళ్లీ తీసుకోవచ్చు. ఎంపీ, ఎమ్మెల్యే సీటు జోలికి పోలేదు. చూడండి, మామ లెక్కే. ప్రతిపక్ష సభ్యులు బిల్లు ప్రతులు చింపి ఆయన వైపు విసిరారు. 2010లో మీరు చేసిందేమిటని కె.సి. వేణుగోపాల్ అడిగితే, అరెస్టుకు ముందే రాజీనామా చేశానని షా జవాబిచ్చారు. బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. రాజ్యాంగ సవరణ గట్టెక్కాలంటే ఉభయసభల్లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి.

కాగితం మీద నాకు ఈ బిల్లు నచ్చాలి. తాళంచెవులు తీసుకొమ్మనే కదా నేనూ అంటున్నాను. అయినా మింగుడుపడదు. మామ కథలో తాళాలు తీసుకున్నవాడు సేఠు, గోదాం ఆయనది, నష్టమూ ఆయనదే. ఈ బిల్లులో తాళాలు తీసుకునే అధికారం ఎవరిది? అరెస్టు చేసేవాడిది, బెయిలుకు అడ్డుపడేవాడిది. ఈడీ, సీబీఐ కేంద్రం చేతిలో ఉన్న దేశంలో, మనీలాండరింగ్ చట్టం కింద బెయిలు రావడమే గగనమైన రోజుల్లో, ముప్ఫై రోజులంటే ఎంత? జడ్జి అభియోగాలు చదివి, సాక్ష్యం తూచి, ఇందులో పస ఉందన్నాక తాళాలు తీసుకుంటే ఒక పద్ధతి. స్టేషన్‌లో రాసిన కాగితంతో తీసుకుంటే ఇంకో పద్ధతి. అభియోగాల నమోదును గీతగా పెట్టి, ఆ తర్వాత విచారణను ఏడాదిలో ముగించి, మంత్రి కుర్చీకి మాత్రమే దాన్ని వర్తింపజేస్తే నేను ఓటేస్తాను. అయితే ఏడాది అన్నమాట 2014 నుంచీ వింటూనే ఉన్నాం.

లింబాయత్‌లో రాత్రి పాళీ మొదలయ్యే వేళ. అల్లుడికి మేస్త్రీ కథ ఇంకా తలలో తిరుగుతోంది.

"మామా, లెక్క తేలిందా మరి?"

"ఏ లెక్క?"

"గోదాం లెక్క. మేస్త్రీది."

"తేలింది. సేఠు కొడుకు బిల్లులు తప్పు రాసిండు. పెట్టెలు తక్కువ గాలే, లెక్కల తక్కువైనయ్."

"ఎన్ని దినాలకు?"

"నాలుగేండ్లు."

"మరి తాళంచెవులు మల్ల ఇచ్చిండా?"

మామ ఖాళీ కప్పు గోడ మీద పెట్టాడు. "గప్పటికె ఆయన ఊరికి పోయిండురా. కొత్త మేస్త్రీ వచ్చిండు. నడువు, సాంచెలు చాలు చేస్తుండ్రు."